మూడో విడుదల పరీక్ష

నా పదవీ విరమణకు ఏడాది ముందు, మే నెల ఆఖరి వారంలో, నన్ను ఇంద్రావతి నది దగ్గరి భోపాల్‌పట్నం పంపించారు. తాళ్లు, కప్పీలు, ఎత్తులో పనిచేసేవాళ్లు కట్టుకునే నడుము పట్టాల వంటివాటిని పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే ఒక చిన్న ప్రైవేటు సంస్థలో నేను సీనియర్ ఇన్‌స్పెక్టర్‌ని. కిరందుల్ టౌన్‌షిప్‌లో ఇల్లు. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో క్రేను కొక్కేల దగ్గర నుంచి నిచ్చెనల దాకా చూశాను కానీ గాలిపటాన్ని పరీక్షించమని ఎవరూ అడగలేదు.

అడిగింది ఇంద్రావతి ఒడ్డు పల్లెల్లో వైద్యం అందించే ఒక స్వచ్ఛంద సంస్థ. వానాకాలంలో ఏరు పొంగితే అవతలి గూడేలకు పడవ పోదు. అడ్డంగా తాడు కట్టగలిగితే కప్పీ మీద మందుల పెట్టె పంపవచ్చు. ముందే కట్టి ఉంచితే వరదలో కొట్టుకొచ్చే చెట్లు తెంపేస్తాయి. అయితే పొంగిన ఏటి మీద మొదటి సన్న తాడు అవతలికి చేర్చేది ఎలా? డ్రోనుకు గానీ, తాడు విసిరే తుపాకీకి గానీ భద్రతా దళాల నిఘా ఉన్న ఈ ప్రాంతంలో అనుమతి దొరకడం కష్టం. అందుకని వాళ్లు సముద్రతీరంలో ఆడే ఒక ఆటను చూశారు. ఆటగాడు కాళ్ల కింద పలక కట్టుకుని, పెద్ద గాలిపటం లాగుతుంటే నీళ్ల మీద జారిపోతాడు. అలా ఒక మనిషి నడుముకు సన్న తాడు కట్టుకుని ఏరు దాటాలన్నది వాళ్ల ఆలోచన.

గాలి పెరిగేకొద్దీ గాలిపటం చిన్నదవాలి. వాళ్లు తెప్పించింది అయిదు చదరపు మీటర్లది, ఆ ఆటలో చాలా చిన్నది, గట్టి గాలుల కోసమే చేసినది. ముందంచున ఉన్న గొట్టంలో పంపుతో గాలి నింపితే అది విల్లులా వంగి నిలబడుతుంది. నాలుగు తాళ్లు కిందికి వచ్చి ఒక కర్రకు కలుస్తాయి. ఆ కర్ర నడుము పట్టాకు తగిలి ఉంటుంది. ప్రమాదం వస్తే ఛాతీ ముందున్న ఎర్ర పిడిని ముందుకు తోయాలి. పట్టు విడిపోయి గాలిపటం బలం పోతుంది. దీన్నే విడుదల అంటారు. నా పరీక్షలో ముఖ్యమైనది అదే. మూడు గాలి వేగాల్లో, ఒక్కో వేగానికి మూడుసార్లు, తాళ్లు బిగిసి లాగుతుండగా పిడి పనిచేయాలి. అదంతా ఇసుక మీదే. నీళ్ల పరీక్ష తరవాతి దశ.

దాన్ని ఎగరేయడానికి విశాఖ తీరం నుంచి నూకరాజు వచ్చాడు. ముప్పై నాలుగేళ్లు. మత్స్యకారుల ఇంట్లో పుట్టి, బీచిలో ఈ ఆట నేర్చుకుని, నేర్పిస్తూ బతికేవాడు. గాలిపటం పట్టుకుని పైకి వదలడానికి ఒడ్డున పొలం ఉన్న పోశయ్య కుదిరాడు. అంతకుముందు వానాకాలం పోశయ్య భార్య అవతలి ఒడ్డున పుట్టింట్లో ఉండగా పాము కరిచింది. మందు ఇవతల ఉంది. రెండు రోజులు ఒడ్డునే నిలబడ్డానని ఆయన చెప్పాడు. ఆమె బతకలేదు. మేము పిలవకముందే రోజూ ఇసుక తిన్నె మీదికి వచ్చి రాళ్లూ ముళ్లూ ఏరేవాడు.

మొదటి రెండు వేగాలూ నాలుగు రోజుల్లో అయిపోయాయి. మూడోదానికి గంటకు సుమారు యాభై కిలోమీటర్ల గాలి కావాలి. తొమ్మిది రోజులు ఎదురుచూశాం. ఎండ కాచింది, ఆకు కదల్లేదు. స్వచ్ఛంద సంస్థ బాధ్యురాలు రోజూ ఫోన్ చేసేది. వానలు దిగేలోపు నీళ్ల పరీక్ష కూడా పూర్తికాకపోతే ఈ ఏడాదికి ఇక లేనట్టే అనేది. ఆమె అన్నది నిజమే.

పదో రోజు మధ్యాహ్నం నైరుతిలో మబ్బు పట్టింది. మూడు గంటలకు గాలి లేచింది. నేనే రాసిన పరీక్షా విధానంలో రెండు షరతులు ఉన్నాయి. ఉరుము వినిపిస్తే గాలిపటం దించాలి. విసురు గాలి సగటు గాలి కంటే మూడోవంతు మించితే పరీక్ష ఆపాలి. ఆపే నిర్ణయం ఇన్‌స్పెక్టర్‌ది.

మొదటి విడుదల బాగా జరిగింది. రెండోదీ జరిగింది. మూడోదానికి నూకరాజు తాళ్లు సర్దుకుని గాలిపటాన్ని పైకి తెచ్చేసరికి నా మీటరు సగటు నలభై ఎనిమిది, విసురు అరవై ఆరు చూపించింది. నలభై ఎనిమిదికి మూడోవంతు కలిపితే అరవై నాలుగు. ఆ లెక్క నాకు వెంటనే తెలిసింది.

నూకరాజు నా వైపు తిరిగాడు. "గాలి గుద్దేస్తంది సార్. నిలకడ నేదు. ఆపేద్దామా?"

పోశయ్య ఏటి అవతలికి చూస్తున్నాడు. "ఆ దిక్కు ఇసుక లేస్తాంది. పతంగి దించుండ్రి సార్."

భార్యను పోగొట్టుకుని, అందరికంటే ఎక్కువగా ఇది కావాలనుకున్న మనిషే దించమన్నాడు. నేను, "ఒక్కటే మిగిలింది. రెండు నిమిషాలు," అన్నాను.

నూకరాజు కర్ర బిగించి పట్టుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ చెప్పాడు కాబట్టి సరే అనుకున్నాడు. నిమిషం కూడా గడవలేదు. గాలి దిక్కు మారింది. గాలిపటం ఒక్కసారిగా అతని నెత్తి మీదికి వచ్చి అతన్ని ఇసుక మీద నుంచి లేపింది. రెండంతస్తుల ఎత్తుకు పోయాడు. తిన్నె దాటించి రాళ్ల వైపు లాక్కుపోతోంది. పైన ఉండగానే అతను ఎర్ర పిడి తోశాడు. అది పనిచేసింది. గాలిపటం మెత్తబడింది, మనిషి రాళ్ల మీద పడ్డాడు.

మేము చేరేసరికి స్పృహలోనే ఉన్నాడు. "కాళ్లు ఉన్నాయా సార్?" అని అడిగాడు. ఉన్నాయని చెప్పాను. "మరి తెలియట్లేదేటి?" అన్నాడు.

పోశయ్య మంచం తెచ్చాడు. మెడ కదలకుండా కట్టి, జీపులో భోపాల్‌పట్నం ఆసుపత్రికి, అక్కడి నుంచి అంబులెన్స్‌లో వరంగల్ తీసుకుపోయాం. దారంతా వాన కురిసింది. వెన్నుపూస విరిగిందని, నడుము కింద కదలిక తిరిగి రాదని డాక్టరు చెప్పింది. ఆ మాట అతని భార్య రాజేశ్వరికి నేనే చెప్పాను. ఆమె ఏడవలేదు. "ఎవరు ఎగరమన్నారు బాబూ?" అని అడిగింది. "నేనే," అన్నాను. ఆమె ఆ తరవాత నాతో మాట్లాడలేదు.

నివేదిక రాయడానికి నాకు పదిహేను రోజులు పట్టింది. పట్టికలో ఆఖరి గడి మూడో వేగం, మూడో విడుదల. అక్కడ "సరిగా పనిచేసింది" అని రాయక తప్పలేదు, ఎందుకంటే అది వాస్తవం. కింద వేరే పేరాలో, షరతు మించిన సంగతి తెలిసి కూడా పరీక్ష కొనసాగించానని, తప్పు పరికరానిది కాదు, ఎగరేసినవాడిది కాదు, నాదేనని రాశాను. మా సంస్థ నన్ను ఆఫీసు పనికి మార్చింది. స్వచ్ఛంద సంస్థ ఆ ఆలోచన మానుకుంది. వాళ్లను తప్పుపట్టలేను.

సామాను సర్దుకోవడానికి తిరిగి వెళ్లినప్పుడు పోశయ్య ఒకటే అడిగాడు. "మరి ఈ ఏడు ఏం జేస్తరు సార్?" ఏమీ చేయడం లేదని చెప్పాను. ఆయన తలూపి, నీళ్లు తోడుకోవడానికి వెళ్లిపోయాడు.

ఆగస్టులో ఆయన దగ్గర నుంచి ఫోన్ వచ్చింది. "ఏరు నిండింది సార్. పొద్దుగాల నుంచి అవతల ఎవరో తువ్వాల ఊపుతున్నరు. ఏందో తెల్వదు. అరిస్తే ఇనబడది. మీరేమన్నా చెప్తరేమోనని చేసిన." పోలీసు స్టేషన్‌లో చెప్పమన్నాను. "చెప్పిన సార్, పడవ పోదన్నరు," అన్నాడు. ఆ తువ్వాలు ఎందుకు ఊపారో ఆయనకు కూడా తరవాత తెలిసిందో లేదో, నేను అడగలేదు. అడిగే ధైర్యం లేకపోయింది.

నూకరాజును ఏడాదికి ఒకసారి చూసి వస్తాను. చక్రాల కుర్చీలో గుమ్మం దగ్గర కూర్చుని వలలు బాగుచేస్తుంటాడు. నన్ను ఒక్క మాట అనడు. అంటే బాగుండునని చాలాసార్లు అనిపించింది.

పరీక్ష చేసేవాళ్లకు ఈ ఉదంతం నుంచి చెప్పగలిగింది ఒక్కటే. పరీక్ష ఆపే అధికారం, ఫలితం కోసం ఎదురుచూస్తున్న మనిషికి ఇవ్వకూడదు. అతను ఎంత అనుభవం ఉన్నవాడైనా, షరతులు రాసింది అతనే అయినా ఇవ్వకూడదు. ఆ రోజు ఆ తిన్నె మీద ముగ్గురం ఉన్నాం. ఆపాలని ఇద్దరు అన్నారు, అధికారం మూడోవాడికి ఉంది.