నడిచినకొద్దీ పెరుగుతున్న బరువు

మా బిడ్డకు నర్సు ఉద్యోగం వచ్చింది. నెల రోజులుగా నా కాళ్లు నేల మీద లేవు! నా మోకాళ్ల నొప్పులు పోవాలంటే బరువు తగ్గాలని, తనే అన్నం మాన్పించి జొన్నరొట్టె పెడుతూ, రోజూ ఊరంతా నడవమంది. ఒక్క రోజు కూడా మానలేదు. ఈ రోజు తూకం చూస్తే రెండు కిలోలు పెరిగాను!

"నాయినా, నిజం చెప్పు. తొవ్వల ఏం తింటున్నవ్?"

"ఏం తింటలేను బిడ్డా. నీ నౌకరి ముచ్చట చెప్తే నోరు తీపి చెయ్యకుండ ఎవరు పంపుతరు? ఇంటింటికి ఇంత చక్కెర చాయ్, గంతే."

"ఇంకా చెప్తనే ఉన్నవా! రేపటి సంది కాలువ కట్ట మీద నడువ్. ఆడ ఇండ్లుండవ్."

నడుస్తాను, సరే. కానీ ఇంత సంతోషం అక్కడ ఎవరితో చెప్పుకోవాలో తోచడం లేదు. మీరైనా చెప్పండి.