పక్కింటి ఎండ

మొన్న ఆదివారం పొద్దున్న గుఢియారీ నుంచి మా పాత పక్కింటి దీదీ ఫోన్ చేసి, రఖియా తెప్పించాను, డ్రైవర్ సాబ్‌ని ఒక్క గంట పంపిస్తావా అని అడిగింది. రఖియా అంటే మన బూడిద గుమ్మడికాయ, డ్రైవర్ సాబ్ అంటే మా ఆయన. రిటైరైన దగ్గర్నుంచి మా ఫ్లాట్‌లో పాలప్యాకెట్ కత్తిరించమన్నా కత్తెర ఎక్కడుందని నన్నే అడిగే ఆ మనిషి, దీదీ పేరు వినగానే లేచి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, వంటింట్లోంచి పెద్ద కత్తి తీసి పేపర్లో చుట్టుకుంటూంటే నాకు కడుపులో సన్నగా మంట మొదలైంది. అరవైకి దగ్గరపడ్డాక ఇదేం బుద్ధి అని నవ్వుకుంటారేమో, నవ్వుకోండి. దీదీ మీద నా అసూయ ఇవాళ్టిది కాదు, ఇరవై ఏళ్ళు దాటింది. ఒకసారి దానివల్ల మా ఇంటి మీదికి ఎంత రాబోయిందో ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు, ఇక చెప్పినా ఫర్వాలేదనిపించి ఇవాళ రాస్తున్నాను.

ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రమైన తొలినాళ్ళలో మాకు రాయపూర్ బదిలీ అయింది. మేం పలాస వైపు వాళ్ళం, ఆయన గూడ్సు బండి డ్రైవరు. మాకిచ్చింది జంట క్వార్టర్లలో ఒకటి, రెండోదాంట్లో దీదీ, ఆవిడ భర్త. వాళ్ళది ఈ ఊరే. నాకంటే అయిదారేళ్ళు పెద్దది కాబట్టి ఆవిడని దీదీ అన్నాను, ఆవిడ భర్తని లైన్లో అందరూ పిలిచినట్టే భాయ్‌సాబ్ అన్నాను. ఆయనకి లాబీలో ఉద్యోగం, అంటే ఏ డ్రైవరు ఏ బండికి వెళ్ళాలో వరుస చూసి రాసే చోట. ఆ రోజుల్లో ఆయనకి ఎప్పుడూ మధ్యాహ్నం రెండింటి నుంచే డ్యూటీ కాబట్టి పొద్దుటి పూటంతా ఇంట్లోనే ఉండేవాడు. నా కష్టాలన్నీ అక్కడే మొదలయ్యాయి.

మా రెండు పెరళ్ళకీ మధ్య నడుమెత్తు గోడ ఒక్కటే. వానలు వెనకబట్టి, దసరా వెళ్ళి, ఎండ పక్కకి ఒరిగాక రాయపూర్‌లో ఒక నెలా నెలన్నర పాటు పగళ్ళు ఎంత బాగుంటాయో ఇక్కడ ఉన్నవాళ్ళకి చెప్పనక్కర్లేదు. గడ్డి మీద మంచు, వీపుకి వెచ్చగా తగిలే ఎండ, ట్రంకుపెట్టెల్లోంచి తీసి తీగల మీద వేసిన రగ్గుల కలరా ఉండల వాసన, వీధిలో తోపుడుబండి మీద పొగలు కక్కే చెరువుల్లో కాసే సింఘాడా కాయలు, బుట్టల్లో సీతాఫలాలు, బుట్టలో మట్టి చిలుకని పెట్టుకుని ఇంటింటి ముందూ చప్పట్లు కొడుతూ గుండ్రంగా తిరిగి పాడే ఆడవాళ్ళు. అన్నీ అందరికీ ఉన్నవే. ఎండ మాత్రం అందరిదీ కాదు. వాళ్ళ పెరట్లో ఎనిమిదింటికల్లా పరుచుకునేది, మా పెరట్లోకి వాళ్ళ వేపచెట్టు నీడ దాటుకుని పదింటికి గాని వచ్చేది కాదు. ఆ రెండు గంటలూ నేను గోడకి ఇవతల నీడలో అంట్లు తోముకుంటూ, అవతల ఎండలో కుక్కి మంచం మీద ఆ మొగుడూ పెళ్ళాలని చూస్తూ ఉండేదాన్ని.

ఏం చేసేవాళ్ళని అడిగితే, ఏమీ చేసేవాళ్ళు కాదు. ఆవిడ బఠాణీలు వొలుస్తుంటే ఆయన హిందీ పేపరు పైకి చదివేవాడు, టీ రెండు గ్లాసుల్లో తెచ్చుకునేవాళ్ళు, ఒకరి గ్లాసులోది ఒకరు తాగేసేవాళ్ళు. సీతాఫలం గింజలన్నీ తీసి గుజ్జు మాత్రం గిన్నెలో వేసి ఆయన ఆవిడ చేతికిచ్చేవాడు, ఆవిడ బఠాణీల మీంచి తల ఎత్తకుండా తినేసేది. ఆ తల ఎత్తకపోవడం చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది. నాకూ మొగుడున్నాడు, మంచివాడే, కానీ ఆయన ఏ వేళ వస్తాడో ఏ వేళ వెళ్తాడో ఆయనకే తెలియదు. తెల్లారగట్ల వచ్చి పగలంతా నిద్రపోయేవాడు, పొద్దుగూకితే మళ్ళీ పెట్టె పట్టుకుని వెళ్ళేవాడు. ఆయనతో కలిసి ఎండలో కూర్చుని ఒక్క సీతాఫలం తిన్న రోజు మా పెళ్ళయ్యాక ఎన్నడూ లేదు.

రన్నింగ్ స్టాఫ్ ఇళ్ళలో కాపురం చేసినవాళ్ళకి తెలుసు, డ్యూటీ దిగి వచ్చిన మనిషిని నిద్ర లేపడం అంత తప్పు ఇంకోటి లేదు. మా లైన్లో ఒక అలవాటు ఉండేది. ఇంట్లో డ్రైవరు నిద్రపోతుంటే గేటు గడియకి ఎర్రగుడ్డ కట్టేవాళ్ళం. అది చూసి కూరగాయలవాడు అరుపు ఆపేవాడు, పిల్లలు బంతి పట్టుకుని వెనక సందులోకి పోయేవారు, నేను కుక్కరు కూతకి రాకముందే దింపేసేదాన్ని. డ్యూటీ కబురు తెచ్చే కాల్‌మ్యాన్ ఒక్కడికే ఆ గేటు తీసే అధికారం, వాడు పుస్తకం పట్టుకుని వచ్చి సంతకం పెట్టించుకుంటే రెండు గంటల్లో బండెక్కాలి. దీదీ వాళ్ళ గేటుకి ఎర్రగుడ్డ అవసరమే ఉండేది కాదు. దానికీ కుళ్ళుకున్నాను.

ఇక గుమ్మడికాయ సంగతి. మా అమ్మ వడియాలు ఎండలు ముదిరాక పెట్టేది, ఇక్కడివాళ్ళు దీపావళి ముందూ వెనకా ఈ చల్లటి ఎండలోనే పెడతారు, బడీ అంటారు. కాయ అదే, మినప్పిండీ అదే. ఇంకొకటి కూడా అదేనని తెలిసి నేను మొదట్లో ఆశ్చర్యపోయాను. మావైపు ఆడవాళ్ళు బూడిద గుమ్మడికాయని మొదట కొట్టరు, మగవాడు ఒక్క వేటు వేశాకే ముక్కలు తరుగుతారు. ఇక్కడా అంతే, ఆ కాయ ఇంటికి పెద్దకొడుకుతో సమానమట, ఆడది కత్తి పెట్టకూడదట. భాయ్‌సాబ్ స్నానం చేసి, కాయకి బొట్టు పెట్టి, ఒకే వేటుతో రెండు చెక్కలు చేసేవాడు. మా ఆయన నిద్రలోనో బండి మీదో ఉండేవాడు కాబట్టి మొదటి రెండేళ్ళూ మా కాయ కూడా గోడ మీంచి అందిస్తే భాయ్‌సాబే కొట్టి ఇచ్చాడు. ఆ చెక్కలు అందుకున్నప్పుడల్లా, నా ఇంటి కాయ కూడా ఆవిడ మొగుడే కొట్టాలా అని లోపల ఏడ్చుకునేదాన్ని.

మూడో ఏడు నేను పట్టుబట్టాను. ముందురోజే పప్పు నానబోశాను. ఆ వేళ మా ఆయన తెల్లవారుజామున నాలుగింటికి వచ్చి, అయిదింటికి పడుకున్నాడు. నేనే గేటుకి ఎర్రగుడ్డ కట్టాను. పదింటికి ఎండ గోడ దాటి మా పెరట్లోకి వచ్చింది. అవతల వాళ్ళ కాయ కొట్టడం అయిపోయింది, దీదీ పసుపు చేతులతో గోడ దగ్గరికి వచ్చి, “లావో బహన్, తుమ్హారా భీ కాట్ దేతే హై” అంది, మీది కూడా ఇలా ఇవ్వు, కొట్టేస్తారని. అందులో దయ తప్ప ఏమీ లేదు. నాకు ఆ దయే భరించరానిదైంది. మా ఇంట్లో మగమనిషి ఉన్నాడు దీదీ, ఆయనే కొడతారు అని చెప్పి, గేటు దగ్గరికి వెళ్ళి ఎర్రగుడ్డ విప్పేసి, లోపలికి వెళ్ళి ఆయన భుజం పట్టుకుని కుదిపాను.

కళ్ళు తెరవకుండానే ఆయన అడిగిన మొదటి మాట, “ఏటే, కాల్ వచ్చిందేటి?”

కాదు, గుమ్మడికాయ కొట్టాలి అన్నాను. సాయంత్రం కొడతాన్లే అన్నాడు. ఎండ ఇప్పుడే ఉంది, సాయంత్రం ఎవరిక్కావాలి అన్నాను. లేచి వచ్చాడు. తిట్టి ఉంటే నాకు బుద్ధి వచ్చేదేమో. మొదటి వేటు కాయ మీది బూడిదకి జారి రాతికి తగిలింది, రెండో వేటుకి కాయ పగిలింది గాని గింజలు చొక్కా నిండా పడ్డాయి. అంతటితో ఊరుకున్నానా, లేదు. మంచం ఎండలోకి లాగి, టీ పెట్టి రెండు గ్లాసుల్లో పోసి, సీతాఫలం తెచ్చి, కూర్చోండి కాసేపు అన్నాను. ఆయన కూర్చున్నాడు, కాయ వొలిచి నాకు సగం ఇచ్చాడు కూడా. నేను ఎన్నేళ్ళుగానో కోరుకున్న గంట అది. ఆ గంటలో నేను ఆయన ముఖం ఒక్కసారి కూడా చూడలేదండీ, గోడ అవతల వాళ్ళు మమ్మల్ని చూస్తున్నారా లేదా అనే చూశాను. చూశారు. భాయ్‌సాబ్ పేపరు దించి మావైపు కాసేపు చూసి మళ్ళీ పేపరు ఎత్తుకున్నాడు. నాకు పండగలా అనిపించింది.

పదకొండున్నరకి మా ఆయన వెళ్ళి పడుకుంటే ఇక నిద్ర పట్టలేదు. దొర్లుతున్నాడు, లేచి మంచినీళ్ళు తాగుతున్నాడు, మళ్ళీ పడుకుంటున్నాడు. మధ్యాహ్నం మూడింటికి మా పాప బడి నుంచి వచ్చేసరికి ఆయన వసారాలో కూర్చుని రెండు చేతులతో ముఖం రుద్దుకుంటున్నాడు. అప్పుడు చూశాను ఆయన కళ్ళు. మిరపకాయ తగిలినట్టు ఎర్రగా ఉన్నాయి. ఆ వేళ వరుసలో మొదటి పేరు ఆయనదేనని నాకు తెలుసు, ఎనిమిది గంటల గూడ్సుకి కాల్ రావాలి, అంత పెద్ద బండిని తెల్లవార్లూ ఆ కళ్ళతో నడపాలి. పిండి రుబ్బడం ఆపి ఆయన దగ్గరికి వెళ్ళాను. సంతకం పెట్టకండి, ఒంట్లో బాగాలేదని చెప్పండి అంటే, ఏం బాగాలేదని చెప్పనే అని నవ్వాడు. గుమ్మడికాయ కొట్టానని చెప్పనా అన్నాడు. దేవుడి ముందు దీపం పెట్టి, కాల్‌మ్యాన్ రాకుండా చెయ్యి తండ్రీ అని మొక్కాను. నాకు ఎండా వద్దు, సీతాఫలమూ వద్దు, ఆయన్ని ఇవాళ ఇంట్లో ఉంచు చాలు అన్నాను.

ఆరింటికి సైకిలు గంట వినపడింది. కాల్‌మ్యాన్ మా గేటు దాటి మూడో ఇంటికి వెళ్ళాడు. తిరిగొస్తుంటే మా ఆయనే ఆపి అడిగాడు. మీ పేరు రేపు పొద్దుటికి పడింది సాబ్, లాబీలో అలాగే రాశారు అన్నాడు వాడు. ఆయనకి అర్థం కాలేదు, పోనీలే అని అన్నం తిని పడుకుని మొద్దులా నిద్రపోయాడు. నేను గేటుకి ఎర్రగుడ్డ రెండు ముళ్ళు వేసి కట్టాను.

మర్నాడు వడియాలు పెడుతుంటే దీదీ గోడ మీదికి వంగి మెల్లగా చెప్పింది, “డ్రైవర్ సాబ్ కీ ఆంఖే లాల్ థీ. ఇన్హోనే దేఖ్ లియా థా.” మా ఆయన కళ్ళు ఎర్రగా ఉండటం భాయ్‌సాబ్ ముందురోజు గోడ అవతల నుంచే చూశాడట. డ్యూటీకి వెళ్ళగానే, విశ్రాంతి నిండిన తర్వాతి మనిషిని ఆ బండికి రాసి, మా ఆయన్ని కిందికి జరిపాడట. ఎందుకు లేపావని మాత్రం దీదీ అడగలేదు. వడియాలు ఎండాక ఒక డబ్బా నిండా పోసి గోడ మీంచి ఇచ్చాను. భాయ్‌సాబ్‌కి నోటితో థాంక్స్ చెప్పలేదు, చెబితే నా తప్పు ఒప్పుకున్నట్టవుతుందని. పైగా, నిజం చెబుతున్నాను, ఆ రోజు నుంచి నా అసూయ తగ్గలేదు, పెరిగింది. నేను పక్కనే కూర్చుని చూడని కళ్ళని గోడ అవతల నుంచి చూసిన మనిషి ఆవిడ ఇంట్లో ఉన్నాడే అని.

తర్వాత ఏళ్ళు గడిచాయి. మా కాయ ప్రతి ఏడూ భాయ్‌సాబే కొట్టాడు, నేనే అడిగి కొట్టించాను. ఆ క్వార్టర్లు ఇప్పుడు లేవు, కొట్టేశారు. కాల్‌బుక్కూ లేదు, కాల్ ఫోన్‌కే వస్తుందట. మేం నయా రాయపూర్ దారిలో ఫ్లాట్ కొనుక్కున్నాం, బాల్కనీలోకి రోజుకి ముప్పావు గంట ఎండ వస్తుంది, అది బట్టలకే చాలదు, వడియాలు ప్యాకెట్టే కొంటున్నాను. భాయ్‌సాబ్ పోయి రెండేళ్ళు. దీదీ గుఢియారీలో సొంతింట్లో కొడుకు దగ్గర ఉంది. ఆ పిల్లాడికి ఉర్లా ఫ్యాక్టరీలో పని, ఆదివారం కూడా షిఫ్టే. అందుకే మొన్న మా ఆయనకి పిలుపు వచ్చింది.

ఒక్కణ్ణే పంపడం ఇష్టంలేక నేనూ ఆటో ఎక్కాను. దీదీ పెరట్లో ఈ వయసులోనూ బంగారంలాంటి ఎండ, చూడగానే మళ్ళీ కుళ్ళుకున్నాను. ఆయన కాయకి బొట్టు పెట్టి ఒకే వేటుతో కొట్టాడు, అక్కడే కుర్చీలో కూర్చుని వేరుశెనక్కాయలు వొలుస్తూ వొలుస్తూ కునుకులోకి జారిపోయాడు. పక్కన ఇంకో కుర్చీ ఖాళీగా ఉంది. దీదీ చప్పుడు కాకుండా లేచి, తీగ మీది ఎర్ర తువ్వాలు తీసి గేటు గడియకి కట్టి వచ్చింది. వచ్చి గోడ నీడలో చాప మీద కూర్చుని, చేతిలో పిండి ముద్ద అలాగే ఉంచుకుని, ఎండలో నిద్రపోతున్న మా ఆయన వైపు, ఆ ఖాళీ కుర్చీ వైపు చూస్తూ ఉండిపోయింది. ఆ చూపు నాకు కొత్త కాదు. గోడకి ఇవతల నీడలో అంట్లు తోముకుంటూ ఎన్నో ఏళ్ళు నేను చూసిన చూపు అది. అప్పట్లో ఎవరైనా ఆ చూపు దీదీ ముఖంలో చూడాలని ఉందా అని అడిగితే ఉందనే చెప్పేదాన్నేమో. ఇప్పుడు కళ్ళెదురుగా కనబడితే చూడలేకపోయాను.

ఎండలో ఆయన పక్కన కూర్చోవడానికి ఇన్నేళ్ళు ఏడ్చినదాన్ని, నా కోసమే వేసినట్టున్న ఆ కుర్చీలో మాత్రం కూర్చోలేదు. వెళ్ళి చాప మీద, ఆయనకి వీపు పెట్టి, దీదీ పక్కన నీడలో కూర్చుని వడియాలు పెట్టాను.