ఉప్పునీళ్ళ తొట్టి

మా చిన్నప్పుడు నాయన చేతి దెబ్బ తినకుండా పెరిగినవి మా ఇంట్లో గాజు తొట్టిలోని మొక్కలే...

అప్పుడు సత్యవేడులో ఉండేవాళ్ళం. నాయనది కరెంటు స్తంభాలెక్కే పని. ఒకసారి తడ వైపు పనికి పోయి, పులికాట్ సరస్సు నుంచి చారల చేపపిల్లల్ని క్యాన్‌లో వేసుకొచ్చాడు. వాటికి మంచినీళ్ళు పడవు, సముద్రమంత ఉప్పూ పనికిరాదు... మధ్యస్థంగా ఉండాలి. వాటి చుట్టూ పచ్చగా మొక్కలు కూడా ఉండాలని నాయన పట్టు. నీటి మొక్కలకేమో ఉప్పు గిట్టదు.

అందుకని మొక్కల్ని ముందు బకెట్‌లో పెట్టి, మూడు రోజులకోసారి చిటికెడు ఉప్పు వేస్తూ, చంటిపిల్లకు అన్నం అలవాటు చేసినట్టు నెలపాటు అలవాటు చేశాడు. అంత ఓపిక మా మీద ఏనాడూ లేదు. ఎక్కం తప్పితే దెబ్బ, మెతుకు కింద పడితే దెబ్బ... వరండాలో మేకుకు పాత కరెంటు వైరు ఎప్పుడూ వేలాడుతూ ఉండేది.

తొట్టి పని మా అన్న శీనుది. వాడికి పన్నెండేళ్ళు, నాకు తొమ్మిది. వారానికోసారి రెండు బిందెల పాత నీళ్ళు తీసి కొత్తవి పోయాలి, బిందెకు గుప్పెడు రాళ్ళ ఉప్పు వేసి. ఎండకు తగ్గిన నీళ్ళ బదులు పోసేవాటికి మాత్రం ఉప్పు వేయకూడదు.

"ఆవిరయ్యేది నీళ్ళేరా, ఉప్పు యాడికీ పోదు" అని నాయన వాడి నెత్తిన మొట్టి మరీ నేర్పాడు.

ఒక వేసవిలో ఆకులు గాజులాగా రంగు పోయి, ముట్టుకుంటే జిగటగా ఊడిరావడం మొదలైంది. నాయన వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. ఆ ముఖం చూసి నేను తలుపు వెనక్కి పోయాను.

"ఉప్పు ఎంత ఏసినావురా?"

"బిందెకు గుప్పెడే నాయనా."

"గుప్పెడేస్తే సముద్రం మాదిరి ఎందుకుండాయి?"

వైరు మేకు మీద నుంచి దిగింది. రెండో దెబ్బకే అన్న గడప మీద పడ్డాడు, ముందుపన్ను సగం విరిగింది. నోట్లోంచి రక్తం కారుతున్నా "గుప్పెడే ఏసినా" అంటూనే ఉన్నాడు. అమ్మ అడ్డం పోతే ఆమె చేతిగాజులు పగిలి నేలంతా పడ్డాయి. పక్కింటివాళ్ళకు అంతా వినిపించింది. పిల్లోణ్ణి దారిలో పెడుతున్నాడులే అనుకున్నారు.

పై వారం ఇంకో మొక్క కుళ్ళింది... అన్నకు మళ్ళీ పడ్డాయి.

ఆ ఆదివారం మా అవ్వ అన్నను కూర్చోబెట్టి దిష్టి తీసింది. "బిడ్డ మీద ఎవురి కండ్లో పడినాయి, అందుకే ఇన్ని తన్నులు" అంటూ గుప్పెడు ఉప్పు వాడి చుట్టూ తిప్పి, నా చేతిలో పోసింది. "ఎవురూ తొక్కని నీళ్ళలో ఏసిరా పో."

మామూలుగానే తొట్టి దగ్గరికి పోయాను. అవును, మామూలుగానే... వారానికి రెండుసార్లు అవ్వ మాకు తీసిన దిష్టి ఉప్పంతా ఆ వేసవి పొడుగునా నేను వేసింది అందులోనే. బావి దూరం. తొట్టి నీళ్ళు ఎవరూ తొక్కరు, పైగా అవి ఉప్పునీళ్ళే కదా అనుకున్నాను.

చెయ్యి తొట్టి మీద ఉండగా కుళ్ళిన ఆకులు కనిపించాయి. అప్పుడు వెలిగింది నాకు. ఉప్పు తీసుకుపోయి వీధి కాలువలో పారబోశాను. ఆ తర్వాత దిష్టి ఉప్పు మళ్ళీ తొట్టిలో వేయలేదు. నోరు మాత్రం విప్పలేదు. ఆ రోజు నాకు అన్న కంటే నా వీపే ముద్దు.

నాయన రోజూ కొన్ని నీళ్ళు తీసి మంచినీళ్ళు పోశాడు. నెల తిరిగేలోపు మొక్కలు కొత్త ఆకు వేశాయి. నాయన సంబరంగా అమ్మతో అన్నాడు, "సూస్తివా, వైరు పడినాకనే వీనికి కొలత తెలిసొచ్చింది."

ఇక దేనికైనా వైరే. మార్కులకు వైరు, ఆలస్యమైతే వైరు. మొక్కలు ఎంత గుబురుగా పెరిగితే నాయనకు వైరు మీద అంత నమ్మకం పెరిగింది. పదో తరగతికి వచ్చేసరికి అన్నకు ఎడమ చెవి వినపడడం ఆగిపోయింది.

ఇప్పుడు నాయన లేడు. మొన్న ధైర్యం చేసి అన్నకు ఫోన్‌లో అంతా చెప్పాను. తిడతాడనుకున్నా... తిట్టలేదు.

"నేనే యాడో కొలత తప్పినానని ఇన్నేండ్లూ అనుకుంటా ఉండాను అమ్మీ" అన్నాడు. "అన్నిసార్లు కొట్టి అడిగితే నా మీద నాకే నమ్మకం పోయిండె."

ఇప్పుడు ఇళ్ళలో చేపల తొట్టెల నిండా ప్లాస్టిక్ మొక్కలే, కుళ్ళే బాధ లేదు. పిల్లల మీద చెయ్యి లేస్తే అడిగేవాళ్ళూ ఉన్నారు. అప్పుడు మా వీధిలో ఒక్కరు అడిగినా బాగుండేది... నేను నోరు తెరిచినా బాగుండేది.

మీ తప్పుకు దెబ్బలు తిన్న అన్నో అక్కో మీకూ ఉంటే, ఆ సంగతి ఇక్కడ రాయండి, వింటాను. కానీ ముందు వాళ్ళకు ఫోన్ చేయండి...