పదహారు కోర్ల భయం

బుధవారం పొద్దున మా బిల్డింగ్ వాచ్‌మన్ గుమ్మంలోనే నిలబడిపోయి, "మాస్టర్‌జీ నహీ రహే, అంకుల్" అన్నాడు. మా పై అంతస్తులో పదిహేడేళ్లుగా ఉంటున్న లెక్కల మాష్టారు నిద్రలోనే వెళ్లిపోయారు. ముందు నాకు కలిగింది దుఃఖం కాదు, భయం. ఆ సంగతి దాచడం ఆయనకి అన్యాయం చేయడమే. నా భయం సంగతి నాకంటే ఆయనకే బాగా తెలుసు.

లక్ష్మీ నగర్‌లో కోచింగ్ పిల్లలకి లెక్కలు చెప్పి, మిగిలిన పొద్దంతా తెలిసినవాళ్ల కంప్యూటర్లు బాగుచేసేవారు. నేను ఎనిమిదో తరగతితో బడి మానేసి, ప్రెస్సులో అక్షరాలు పేర్చి, ఆ తర్వాత తెలుగువాళ్ల పెళ్లి శుభలేఖలు కంప్యూటర్ మీద కూర్చి బతికినవాణ్ణి. అరవయ్యో ఏట నాకు దాని డబ్బా విప్పడం నేర్పింది ఆయనే. ముందు ఉంగరం, వాచీ తీసి కిటికీలో పెట్టేవారు. విప్పిన స్క్రూలన్నీ మా ఇడ్లీ రేకు గుంటల్లో, విప్పిన వరసలో వేసేవారు. మా ఆవిడ ఓసారి ఉండబట్టలేక, "మాష్టారూ, రేపు ఇడ్లీలో స్క్రూ వస్తే ఎక్కడిదో మీరే చెప్పాలి" అంది. ఆయన నవ్వకుండా, "మూడో గుంటదైతే పారెయ్యకండమ్మా, అది ఫ్యాన్‌ది" అన్నారు.

ఇంత ధైర్యస్థుడూ లిఫ్ట్ ఎక్కేవారు కాదు. నాలుగంతస్తులూ మెట్లే. అడిగితే, "అందులో నేను చెయ్యగలిగిందేమీ లేదు, అందుకే భయం. మెట్ల మీదయితే కాళ్లు నావి" అనేవారు.

మూడు నెలల కిందట, ఎండలు ముదిరినప్పుడు, నా కంప్యూటర్ పని మధ్యలో దానంతటదే ఆరిపోవడం మొదలుపెట్టింది. చెప్పుల్లేకుండా పైకి పరిగెత్తాను. అందులో మా అమ్మ చెప్పిన కథలున్నాయి. చివరి ఏడాది ఆవిడ మా దగ్గరే ఉండి, చిక్కుళ్లు ఒలుస్తూ చెబుతుంటే పక్కనే కూర్చుని టైపు చేసిన నాలుగు వందల పేజీలు. ఇంకెక్కడా లేవు. ప్రింటు ఎందుకు తియ్యలేదంటారా? తప్పులు దిద్దాక తీద్దామని. పదకొండేళ్లుగా దిద్దుతూనే ఉన్నాను.

నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా అబ్బాయి, పదహారు కోర్ల కొత్త ప్రాసెసర్ వేయిస్తానన్నాడు. కోర్లంటే ఒకే వంటింట్లో పదహారుమంది వంటవాళ్లట, మాష్టారు చెప్పారు. "మీరు వండేది ఉప్మా. అయినా అబ్బాయి ముచ్చటపడుతున్నాడు, కాదనకండి" అన్నారు. కానీ అది కొత్త అల్లుడి లాంటిదనీ, దాని హోదాకి తగ్గ కొత్త బోర్డు, కొత్త మెమరీ, కొత్త విండోస్ అమర్చాలనీ హెచ్చరించారు. నా పాత తెలుగు సాఫ్ట్‌వేర్‌కి, ఎవరూ నకలు చేసుకోకుండా కంపెనీవాళ్లిచ్చిన వేలెడంత తాళం ఒకటుంది. దాన్ని డబ్బా వెనక ఒక వెడల్పాటి సాకెట్‌లో గుచ్చితేనే అది పనిచేస్తుంది. కొత్త బోర్డుకి ఆ సాకెట్టే ఉండదు. ఒకసారి మార్చాక వెనక్కి రాలేం. ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో వేసి అబ్బాయి ల్యాప్‌టాప్‌లో తెరిచి చూశాం. అందులో ఆ సాఫ్ట్‌వేర్ లేదు కనక, అమ్మ మాటలుండాల్సిన చోట డాలర్ గుర్తులు, చుక్కలు, విరిగిన ఇంగ్లీషు అక్షరాలు.

మాష్టారు కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. "బాబాయ్‌గారూ, భయపడండి, తప్పులేదు. చేతులు కట్టుకుని మాత్రం భయపడకండి. ముందు కాగితం మీదకి తెచ్చుకోండి. ఆ తర్వాత ఏ ప్రాసెసరైనా రానివ్వండి."

సరేనన్నాను. కానీ ప్రింటు తియ్యలేదు. ప్రింటు మధ్యలో ఆరిపోయి, మళ్లీ వెలగకపోతే? ఆయన పక్కన కూర్చుంటే మొదలుపెడదామని ఆగాను. పిల్లల పరీక్షలయ్యాక వస్తానన్నారు. పరీక్షలయ్యాయి.

ఆ సాయంత్రం యమున ఒడ్డున మాష్టారి దహనం అయ్యాక తిరిగొచ్చి స్నానం చేశానో లేదో, అబ్బాయి ఫోన్ చేశాడు. "నాన్నా, పార్సెల్ వచ్చేసింది. ఆదివారం పొద్దున్నే వచ్చి లోపలివన్నీ మార్చేస్తా. మాష్టారి గొడవలో ఉన్నారు కదా, ఆపమంటారా?"

ఆపమనే అనబోయాను. ఆపితే ఇంకో పదకొండేళ్లు దిద్దుతానని నాకు తెలుసు. ఆలోగా ఈ ముసలి డబ్బా ఉండదు. విప్పి చూసే మనిషి ఇప్పటికే లేడు.

"ఆపకు, రా" అన్నాను.

గురువారం పొద్దున మొదలుపెట్టాను. పది పేజీలు, అరగంట విశ్రాంతి, మళ్లీ పది. తప్పులు తప్పుల్లాగే వచ్చాయి. పేజీ బయటికొచ్చిన ప్రతిసారీ పైకప్పు వైపు చూసేవాణ్ణి. పైన కుర్చీ జరిగిన చప్పుడు కూడా లేదు. శనివారం మధ్యాహ్నానికి మూడు వందల పన్నెండు పేజీలు మా ఆవిడ చీరల పెట్టెలోకి చేరాయి. మూడు వందల పదమూడో పేజీ సగంలో ఉండగా తెర నల్లబడింది.

డబ్బా మీద అరచెయ్యి పెట్టాను. కాలిపోతోంది. మా ఆవిడ టేబుల్ ఫ్యాన్ తెచ్చి దాని వైపు తిప్పింది. అది చల్లబడే దాకా స్విచ్ ముట్టుకోకూడదని చెరో పక్కన కూర్చున్నాం. ప్రింటర్ నోట్లో సగం కాగితం వేలాడుతోంది. అందులో మా అమ్మ కథలోని కోడలు గడియ తీసింది. తలుపు ఇంకా తెరవలేదు.