కోటగుమ్మం దగ్గర కూతురు

శేషమ్మకు అక్షరం ముక్క రాదు గానీ, రాజ్యం ఏలడం బాగా వచ్చు. పెడనలో కలంకారీ అచ్చులు వేసుకునే ఆ ఇంటిని ఏళ్లతరబడి ఒంటిచేత్తో ఏలింది. తుంటి విరిగి మంచాన పడ్డాక, కోడలు రేవతి ఫోన్‌లో ఆట ఆడుకుంటుంటే ఆ రాజ్యాన్నీ లాగేసుకుంది.

ఆటలో ఓ రాణి కత్తి పట్టుకుని కోటలు, అడవులు తిరుగుతుంది. దారిలో మంత్రగాళ్లు, దొంగలు ఏదో ఒకటి అడుగుతారు. ఏం జవాబివ్వాలో తెర మీద రెండు మూడు మాటలు ఇంగ్లీషులో వస్తాయి, ఒకటి ఎంచుకోవాలి. రేవతి తెలుగులో చెప్పేది, అత్తగారు తీర్పిచ్చేది.

"వాడు మరీ తియ్యగా మాట్లాడుతున్నాడు. నమ్మకు."

"పాపం దాహమంటున్నాడు అత్తయ్యా."

"నీకు పాపమనిపిస్తే అనిపించనీ. రాణిని నేను కదా! నేనైతే నమ్మను."

ఒక మధ్యాహ్నం రాణిగారి కూతురే కోటగుమ్మం దగ్గరకొచ్చి నిలబడింది. తల్లిని కాదని శత్రువు కొడుకుని పెళ్లాడిన పిల్ల. లోపలికి రానివ్వాలా, తరిమెయ్యాలా? రెండే జవాబులు. చదివి వినిపించి రేవతి అత్తగారి వైపు చూసింది. ఇష్టపడ్డవాణ్ణి చేసుకుని గుడివాడ వెళ్లిపోయిన ఆడపడుచు రాధాకుమారి పేరు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. దాన్ని గడప తొక్కనివ్వనని ఒట్టేసింది శేషమ్మే.

శేషమ్మ ఫోన్ తన వైపు తిప్పించుకుని ఆ పిల్లని చూసింది.

"ముందు అన్నం తిందో లేదో అడుగు" అంది.

"ఆ మాట ఇందులో లేదత్తయ్యా."

"అయితే ఆపేయ్."

ఆ వారంలోనే ఆవిడ పోయింది. రేవతికి ఏడుపు రాలేదు. వచ్చినవాళ్లంతా ఏడుస్తుంటే కాఫీలు అందించింది. పెద్దకర్మ అయ్యాక కూడా వండుతోంది, ఉతుకుతోంది, ఆరేస్తోంది, ఏదీ మనసుకి అంటడం లేదు. ఆట తెరిస్తే ఆ పిల్ల ఇంకా గుమ్మం దగ్గరే ఉంటుంది. చూసి మూసేస్తుంది.

తల్లి పోయిందని ఎవరి నోటో విని రాధాకుమారి వచ్చింది. సంచి పట్టుకుని గేటు బయట నిలబడింది. రేవతి భర్త భూషణం అచ్చుల బల్ల దగ్గర్నుంచి రంగు చేతులతోనే వచ్చి అడ్డంగా నిలుచున్నాడు.

"అమ్మ ఒట్టేసిందమ్మా. ఆవిడ పోయింది కదా అని నేను మాట తప్పలేను" అన్నాడు చెల్లెలితో. భార్య వైపు తిరిగాడు. "అమ్మే ఉంటే ఏం చేసేదో నువ్వే చెప్పు రేవతీ."

రేవతి లోపలికి వెళ్లింది. అన్నం, వంకాయ కూర, పప్పుచారు పళ్లెంలో పెట్టుకొచ్చి గేటు మీదుగా చాపింది.

"అన్నం తిన్నావా?"

రాధాకుమారి తల అడ్డంగా ఊపింది. పళ్లెం అందుకుని, నిలబడే ఒక ముద్ద కలుపుకుంది. ముద్ద నోటిదాకా వెళ్లకముందే ఏడ్చేసింది.

"అమ్మ పెట్టమందా?" అన్నాడు భూషణం.

"అన్నారండీ."

"ఎప్పుడు?"

"రాణిగా ఉన్నప్పుడు."

భూషణానికి అర్థం కాలేదు. అయినా గేటు గడియ తీశాడు. చెల్లెలి సంచి అందుకోబోయి, చేతులకున్న రంగు చూసుకుని, లుంగీకి తుడుచుకున్నాడు.

మారు వడ్డించడానికి రేవతి వంటింట్లోకి వెళ్లింది. అన్నం గిన్నె మీద మూత తీసేసరికి అప్పుడొచ్చింది, ఇన్నాళ్లూ రాని ఏడుపు.