దాదాపీర్ లైవ్‌లో తిమ్మమ్మ కడచూపు

ఆదోనిలో వీడియో దాదాపీర్ అంటే తెలియనివాళ్ళు తక్కువ. పెళ్ళిళ్ళు, దర్గా ఉరుసులు, జాతరలు తీస్తూ బతికినవాడు ఈమధ్య చావులే ఎక్కువ తీస్తున్నాడు. అందులో ఆయన తప్పేమీ లేదు. వానలు మొహం చాటేస్తే కోసిగి పక్క ఊళ్ళలో సగం ఇళ్ళకు తాళాలు పడతాయి. జనం గుంటూరు దిక్కు మిరపకాయల కోతకు పోతారు. ఇక్కడ సొంతవాళ్ళు పోతే, అక్కడ ఫోనులో లైవ్ చూసి ఏడవడమే వాళ్ళకు మిగిలిన దారి. కెమెరాను లాప్‌టాప్‌కు తగిలించి ఆ లైవ్ పంపేవాడు దాదాపీర్.

ఆయనకు రెండు పట్టింపులు. బొమ్మ అద్దంలా ఉండాలి, మసకగా పోతే పేరు పోతుంది. రెండోది, లైవ్ నడిచినంతసేపు చుట్టుపక్కల ఎవరూ ఫోను వాడకూడదు. ఆ ఊళ్ళలో సిగ్నలే అంతంతమాత్రం, తలా కాస్త లాక్కుంటే ఈయన బొమ్మ ఆగిపోతుంది. "ఫోన్లు ఆఫ్ చేయండప్పా" అనగానే, గుడి ముందు చెప్పులు విడిచినట్టు అందరూ మారుమాట లేకుండా ఆఫ్ చేసేవారు.

తిమ్మమ్మ పోయిన రోజూ అంతే. ఆమె కూతురు ఈశ్వరి మిరప చేలో ఉంది, ఎంత ఉరుకులు పెట్టినా మరునాటికి గానీ రాలేని దూరం. మరునాడు అమావాస్య, శవాన్ని ఉంచకూడదన్నారు పెద్దలు. కొడుకు ఓబన్న చెల్లెలికి ఫోన్ చేసి, "నువ్వు రాకున్నా అమ్మ మొగం సూస్తావులే, దాదాపీరన్నను పిలిపించినా" అని మాటిచ్చాడు.

లైవ్ పంపే సాఫ్ట్‌వేర్‌ను దాదాపీర్ ఆ పొద్దునే అప్‌డేట్ చేశాడు. జాగ్రత్త ఎక్కువై చేసిన పని. తీరా శ్మశానంలో తవ్విన గుంత పక్కన బల్ల వేసుకుని తెరిస్తే, గ్రాఫిక్స్ డ్రైవర్ పాతది, లైవ్ కుదరదని ఎర్రర్ వచ్చింది. లాప్‌టాప్‌లో బొమ్మల పని చూసే కార్డును నడిపించేది ఆ డ్రైవరే. కార్డును వదిలేసి పనంతా ప్రాసెసర్‌కు అప్పజెబితే లైవ్ నడిచేది. సెట్టింగుల్లో ఒక్క మార్పు, అది ఆయనకు తెలుసు. కాకపోతే బొమ్మ మసకబారుతుంది. అది మనసొప్పక కొత్త డ్రైవర్ దించడం మొదలుపెట్టాడు. నిజం చెప్పాలంటే, ఆ నిమిషాన ఆయనకు తిమ్మమ్మ మొహం కన్నా తన పేరే ముఖ్యమైంది.

"ఇంకెంతసేపప్పా? పొద్దు వాలతాండాది," అన్నాడు ఊరి పెద్ద గోవిందు.

"అయిపాయె మామా, ఎక్కుతాండాది."

డ్రైవర్ ఎక్కింది. రీస్టార్ట్ చేశాడు. లాప్‌టాప్ తెర మీద బొమ్మ నిగనిగలాడింది, లైవ్ మొదలైనట్టు గుర్తూ వచ్చింది. అవతలికి ఏం పోతోందో చూడాలంటే ఇంకో ఫోను కావాలి. ఊళ్ళోవాళ్ళవన్నీ ఆఫ్‌లో ఉన్నాయి. లాప్‌టాప్‌కు నెట్ ఇస్తున్న తన ఫోను, సిగ్నల్ కోసం ఎత్తుగా వేపకొమ్మకు కట్టి ఉంది. ఆలస్యమైందని అందరూ తననే చూస్తుంటే, "కానీయండి" అనేశాడు.

మొహం మీది గుడ్డ తీశారు. దాదాపీర్ కెమెరాను దగ్గరగా పెట్టి చాలాసేపు చూపించాడు. "సూడు ఈశ్వరీ, అమ్మను సూడు," అంటూ ఓబన్న కెమెరా ముందు వెక్కి వెక్కి ఏడ్చాడు. తర్వాత తలా పిడికెడు మట్టి వేశారు. గుంత పూడ్చారు.

ఫోన్ ఆన్ చేయగానే ఓబన్నకు ఈశ్వరి ఫోను వచ్చింది.

"అన్నా, ఎన్నిసార్లు సేసినా నీ ఫోను కలవలే. ఈడ మాటలు ఇనపడతాండాయి గానీ బొమ్మంతా నలుపే. సూడు సూడు అంటాంటివి, ఏం సూడాల? ఇంగా మట్టి ఎయ్యలేదు గదా?"

ఓబన్న స్పీకర్ ఆన్ చేసి, "బొమ్మంతా నలుపంట," అంటూ ఫోను దాదాపీర్ చేతిలో పెట్టాడు. దాదాపీర్ లాప్‌టాప్‌లోని రికార్డింగ్ తెరిచి చూశాడు. అదీ నలుపే. కొత్త డ్రైవర్ ఆ పాత కార్డుకు పడక, తెర మీద బాగానే చూపినా బయటికి పంపే బొమ్మను నలుపు చేసింది.

"అయిపాయె తల్లీ," అన్నాడు. "తప్పు నాదే."

అవతల ఏడుపు వినిపిస్తుందనుకున్నాడు. ఈశ్వరి ఏడవలేదు, బతిమాలింది.

"దాదాపీరన్నా, మొగం కాడ మాత్రం మట్టి తీయమని సెప్పన్నా. ఒక్కసారి సూసి ఫోను పెట్టేస్తా."

దాదాపీర్ ఓబన్న వైపు చూశాడు. ఓబన్న అడ్డంగా తలూపాడు. పూడ్చిన గుంత తవ్వరు. ఆ మాట ఆమెకు దాదాపీరే చెప్పాలి.