జేబులు తిరగెయ్యి నాయనా

ప్రతి ఉదయం తొమ్మిదికి దుకాణం షట్టర్ ఎత్తగానే డోరీన్ హెస్లప్ చేసే మొదటి పని తన కోటు జేబులు తానే తిరగేసుకోవడం. తాళంచెవులు ఒక పక్క, చిల్లర ఒక పక్క, చేతిరుమాలు ఒక పక్క బల్ల మీద పెట్టి, తన మీద తనకున్న అనుమానం తీరాక కొనేవాళ్ల జేబుల మీద పడుతుంది. ఇంగ్లండ్‌లోని ఈ సౌత్ షీల్డ్స్ ఊళ్లో ఎలక్ట్రానిక్ సిగరెట్లు అమ్మేవాళ్లు చాలామందే ఉన్నారు. జేబులు తిరగేయించకుండా ఒక్క బ్యాటరీ కూడా అమ్మని మనిషి మాత్రం ఈమె ఒక్కతే.

వేలెడంత బ్యాటరీ విడిగా జేబులో పడుండి, తాళంచెవికో చిల్లరకో తగిలితే సెగలు కక్కుతుందని ఆమె భయం. అది ఉత్తుత్తి భయమేమీ కాదు. అయితే ఆమె చర్చి ఫాదర్ గారి అంగీ జేబులు కూడా వదల్లేదు. దుకాణం కొలతలు తీయడానికి వచ్చిన కౌన్సిల్ ఉద్యోగి, బ్యాటరీ మాటే ఎత్తకపోయినా, కొలతల టేపుతో సహా అన్నీ బల్ల మీద పరిచి వెళ్లాడు. ఒకసారి పెళ్లికి వెళ్తూ దారిలో ఆగిన పెళ్లికొడుకు జేబులో బ్యాటరీ, ఉంగరం పక్కపక్కనే దొరికాయి.

“ఉంగరం కూడా లోహమే నాయనా. ప్రమాణాల మధ్యలో ప్యాంటు అంటుకుంటే ఆ పిల్ల ఏమనుకుంటుంది?” అని బ్యాటరీకొక ప్లాస్టిక్ డబ్బా, ఉంగరానికొక డబ్బా ఇచ్చి పంపింది. చర్చిలో అతను తెరిచింది మొదటి డబ్బా అని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

అలాంటి డోరీన్ దగ్గరికి మార్చి నెలలో ఒక మధ్యాహ్నం బస్సు డ్రైవర్ లెన్ స్టోకో వచ్చాడు. లెన్‌ది నలభై ఏళ్ల సిగరెట్ అలవాటు. పక్కనున్న రొట్టెల దుకాణంలో పనిచేసే కూతురు జెమ్మాకి మే నెలలో కాన్పు. “పొగ కంపుతో వస్తే బిడ్డను నీ చేతికి ఇవ్వను నాన్నా” అని తెగేసి చెప్పింది. అందుకే పాపం, సిగరెట్ మానడానికి ఈ ఎలక్ట్రానిక్ సిగరెట్ మిషన్‌తో తంటాలు పడుతున్నాడు.

“రెండు బ్యాటరీలు కావాలి డోరీనమ్మా.”

“జేబులు తిరగెయ్యి నాయనా.”

“నాలుగు నిమిషాల్లో నా బస్సు బయల్దేరాలి.”

“డ్రైవరువి నువ్వే కదా. నిన్ను వదిలి ఎక్కడికీ పోదులే.”

లెన్ ఒక్కొక్కటే బయటికి తీశాడు. చిల్లర, దువ్వెన, తొడుగు చిరిగిన ఒక బ్యాటరీ. చివరికి టిష్యూ కాగితంలో చుట్టిన సన్నటిదేదో బయటపడింది. దాన్ని చటుక్కున అరచేత్తో మూశాడు.

“అదేమిటి?”

“పెన్సిల్.”

డోరీన్ ఆ చేతివంక ఒక్క క్షణం చూసింది. “చెక్కే కదా. దానివల్ల బ్యాటరీకి ప్రమాదం లేదు” అని, చిరిగిన బ్యాటరీని టీలో చక్కెర బిళ్లలు వేసుకునే పట్టకారుతో పైకెత్తింది. “ఇదెక్కడిది?”

“ఇంట్లో టార్చిలైటులోంచి తీశాను. సరిగ్గా పట్టింది.”

“నా చెప్పు కూడా నీ కాలికి పట్టొచ్చు. వేసుకుని బస్సు నడుపుతావా? నీ మిషన్ ఎంత కరెంటు లాగుతుందో, అంత కరెంటూ తాను వేడెక్కకుండా ఇవ్వగలిగే బ్యాటరీ కావాలి. సైజు కుదిరితే చాలదు. పైగా దీని తొడుగు చిరిగింది.”

“సంతలో నలభై ఆంపియర్లని రాసున్నవి సగం ధరకే ఇస్తున్నారు.”

“నా తలుపు మీద రాజభవనం అని రాసుకుంటే రాజుగారు టీకి వస్తారా? తయారుచేసినవాళ్లు పరీక్షించి చెప్పిన లెక్క చూడాలి గాని, తొడుగు మీద రాతలు కాదు.”

ఒకే రకం, ఒకే రోజు వచ్చిన రెండు కొత్త బ్యాటరీలు ఎంచి, రెండింటికీ ఎర్రటి గోళ్లరంగు చుక్క పెట్టింది. “ఇక ఇవి మొగుడూ పెళ్లాలు. కలిసే వాడాలి, కలిసే ఛార్జింగ్ పెట్టాలి. ఒకదాన్ని విడదీసి ఇంకో పాతదానితో జతకట్టావంటే మళ్లీ నా గడప తొక్కకు.”

“మా ఆవిడ కూడా నన్నింత కనిపెట్టుకుని ఉండదమ్మా.”

“తెలుస్తూనే ఉంది. చొక్కాకి బొత్తాం లేదు.”

బస్సు ఆరు నిమిషాలు ఆలస్యంగా కదిలింది. డోరీన్ ఇచ్చిన కాగితం సంచిలో బ్యాటరీల డబ్బాతో పాటు ఒక పిప్పరమెంటు బిళ్ల కూడా ఉంది. దుకాణం మర్యాద కాబోలనుకుని లెన్ నోట్లో వేసుకున్నాడు.

ఆ తరవాత మిషన్‌లో పోసే ద్రవం కోసం ప్రతివారం వెళ్లాడు. ప్రతివారం జేబులు తిరగేశాడు. టిష్యూలోని ‘పెన్సిల్’ ప్రతివారం ఉంది. కొన్ని వారాలు అది కొత్తది కూడా. డోరీన్ దాన్ని పక్కకు జరిపి బ్యాటరీల కోసమే వెతికేది. సంచిలో పిప్పరమెంటు తప్పలేదు.

ఏప్రిల్ చివర్లో డిపోలో టీ తాగుతూ లెన్ తోటి డ్రైవర్ బ్రెండాతో అన్నాడు. “డోరీనమ్మ వేసే పిప్పరమెంట్లు మరీ ఘాటు.”

బ్రెండా కప్పు దించింది. “నీకింకా వేస్తోందా?”

“అందరికీ వేస్తుంది కదా?”

“నాకూ వేసేది. నా జేబులో సిగరెట్ కనిపించినన్నాళ్లూ వేసింది. పూర్తిగా మానేశాక ఆపేసింది.”

లెన్ చెవులు ఎర్రబడ్డాయి. డోరీన్ రోజూ పక్క దుకాణంలో జెమ్మా చేతిమీదుగానే బన్ను కొనుక్కుంటుంది. ఒక్కమాట అని ఉంటే చాలు, బిడ్డ తన చేతికి వచ్చేది కాదు. ఇన్ని వారాల్లో ఆ మాట ఆమె నోటినుంచి రాలేదు.

మర్నాడు డోరీన్ అడగకముందే జేబులు తిరగేసి, టిష్యూ విప్పి బల్ల మీద పెట్టాడు.

“ఇది పెన్సిల్ కాదు డోరీనమ్మా.”

“తెలుసు నాయనా. పెన్సిళ్లకి ఫిల్టర్ ఉండదు.”

“మరి ఎందుకు అడగలేదు?”

“నేను వెతికేది బ్యాటరీల కోసం. మిగతావి ఎవరికివాళ్లు చూపించినప్పుడు చూస్తాను” అంటూ దాన్ని చెత్తబుట్టలో వేసి, ఆ రోజు రెండు పిప్పరమెంట్లు ఇచ్చింది.

మే నెలలో జెమ్మాకి ఆడపిల్ల పుట్టింది. తండ్రి కోటును రెండుసార్లు వాసన చూసి, బిడ్డను చేతిలో పెట్టింది.

డోరీన్‌కి ఇప్పుడు డెబ్బై రెండేళ్లు. లెన్ ఇంకా ఆమె దగ్గరే కొంటాడు, ఇంకా జేబులు తిరగేస్తాడు. అతని సంచిలో పిప్పరమెంటు పడక రెండేళ్లు కావస్తోంది.